టర్బో పెట్రోల్ కారు కొంటున్నారా? పికప్ సరే.. జీడీఐ ఇంజిన్ లోపల జరిగేది ముందే తెలుసుకోండి!

విశాఖపట్నం: గాజువాక నుంచి మధురవాడ దాకా ఏ కార్ల షోరూమ్‌కి వెళ్లినా ఇప్పుడు ఇదే సీన్. ఒకే మోడల్ కార్లు రెండు పక్కపక్కనే నిలబెట్టి ఉంటాయి. రంగు ఒకటే, సీట్లు ఒకటే. రేటు మాత్రం తేడా. ఎందుకండీ అంటే ‘ఇది టర్బో సార్, పికప్ వేరే లెవెల్’ అన్న జవాబు రెడీగా ఉంటుంది. ఆ జవాబు తప్పేం కాదు. కాకపోతే సగమే చెబుతుంది.

మిగతా సగం బ్రోషర్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కియా, హ్యుందాయ్ అయితే టీ-జీడీఐ అని, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా అయితే టీఎస్ఐ అని, మహీంద్రా అయితే టీజీడీఐ అని రాస్తాయి. పేరు ఏదైనా లోపల ఉన్నది ఒకటే.. గ్యాసోలిన్ డైరెక్ట్ ఇంజెక్షన్. అంటే పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే కొట్టే పద్ధతి. మన రాష్ట్రంలోనే, పెనుకొండ దగ్గరున్న కియా ప్లాంట్‌లో తయారై రోడ్డెక్కుతున్న సెల్టోస్, సోనెట్‌లలో కూడా ఈ ఇంజిన్ వేరియంట్లు ఉన్నాయి. 2019 ఆగస్టులో సెల్టోస్ లాంచ్ అయినప్పుడే 1.4 లీటర్ టీ-జీడీఐతో వచ్చింది.

ఈ ఇంజిన్ ఇచ్చే లాభం, తెచ్చే తలనొప్పి.. రెండూ ఒకే కారణం నుంచి పుట్టాయి. పెట్రోల్ పడే చోటు కొన్ని అంగుళాలు మారింది. అంతే!

పాత పద్ధతిలో పెట్రోల్ ఎక్కడ పడేది?

ఇంజిన్ సిలిండర్‌ను ఒక గది అనుకోండి. గాలి లోపలికి రావడానికి ఒక పైపు, ఆ పైపు చివర ఒక తలుపు. ఆ తలుపు పేరే ఇన్‌టేక్ వాల్వ్. ఇన్నేళ్లుగా మనం నడిపిన మామూలు పెట్రోల్ కార్లలో, అంటే ఎంపీఐ ఇంజిన్లలో, ఇంజెక్టర్ ఈ తలుపు బయటే కూర్చుంటుంది. పెట్రోల్‌ను తలుపు వెనక భాగం మీద జల్లుతుంది. పొద్దున్నే గుమ్మం ముందు కళ్లాపి జల్లినట్టన్నమాట. వాల్వ్ వేడికి పెట్రోల్ ఆవిరై గాలిలో కలుస్తుంది. తలుపు తెరుచుకోగానే రెండూ కలిసి లోపలికి పోతాయి. దీనికి పెద్ద ప్రెజర్ అక్కర్లేదు. 3, 4 బార్ చాలు.

జీడీఐలో ఇంజెక్టర్ గుమ్మం దాటి గదిలోకే వచ్చేసింది. తలుపులోంచి వచ్చేది ఉత్త గాలి మాత్రమే. పెట్రోల్ లోపలే పడుతుంది. ఇక్కడే అసలు చిక్కు.. టైమ్ ఉండదు. ఇంజిన్ 3,000 ఆర్పీఎం మీద తిరుగుతోందంటే సెకనుకి 50 చుట్లు. పిస్టన్ ఒకసారి కిందికి దిగడానికి పట్టే టైమ్ సెకనులో వందో వంతు. అది దిగి, మళ్లీ పైకి వచ్చేలోపు పెట్రోల్ పడాలి, ఆవిరి కావాలి, గాలిలో కలవాలి. అంత త్వరగా ఆవిరి కావాలంటే బొట్లు పొగమంచులా ఉండాలి. అందుకే పెట్రోల్‌ను 200 నుంచి 350 బార్ ప్రెజర్‌తో సన్నని రంధ్రాల్లోంచి కొడతారు.

350 బార్ అంటే ఎంత? కారు టైర్‌లో గాలి రెండుంపావు బార్ ఉంటుంది. సీఎన్‌జీ ట్యాంక్ నిండా కొట్టిస్తే 200 బార్. సముద్రంలో అయితే మూడున్నర కిలోమీటర్ల లోతున ఉండే ఒత్తిడి ఇది. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన ఐఎన్ఎస్ కుర్సుర లాంటి సబ్‌మెరైన్ కూడా అందులో పదో వంతు లోతుకి మించి వెళ్లే బాపతు కాదు. అలాంటి ప్రెజర్‌ను బానెట్ కింద, క్యామ్‌షాఫ్ట్ తిప్పే ఒక చిన్న పంప్ పుట్టిస్తోంది. కొత్త జీడీఐ కారు స్టార్ట్ చేయగానే ముందు నుంచి ‘టిక్ టిక్ టిక్’ అని వినిపించేది చాలావరకు ఈ పంపూ, ఇంజెక్టర్ల శబ్దమే. డీజిల్ కారులా కొడుతోందేంటని కంగారు పడాల్సిన పనిలేదు.

మరి పికప్ ఎక్కడి నుంచి వస్తోంది?

మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయో తెలుసు కదా. కుండ పైకి ఊరిన నీరు ఆవిరి అవుతూ వేడిని లాక్కుపోతుంది. సిలిండర్‌లో పెట్రోల్ ఆవిరైనప్పుడూ అదే జరుగుతుంది. పాత పద్ధతిలో ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని వాల్వ్ నుంచి, పైపు గోడ నుంచి లాక్కునేది. ఇప్పుడు సిలిండర్‌లో ఉన్న గాలి నుంచే లాక్కుంటుంది. గాలి చల్లబడుతుంది.

చల్లబడితే ఏంటి లాభం? పెట్రోల్ ఇంజిన్‌కి ఉన్న పెద్ద శత్రువు నాకింగ్. స్పార్క్ ప్లగ్ అంటించాక మంట అంతటా పాకేలోపే, వేడికీ ఒత్తిడికీ మిగతా మిశ్రమం దానంతట అదే అంటుకుని టకటకా కొట్టడం. లోపల చల్లగా ఉంటే ఆ భయం తగ్గుతుంది. భయం తగ్గితే గాలిని ఇంకా గట్టిగా నొక్కొచ్చు. టర్బో పెట్టి ఇంకా ఎక్కువ గాలి కుక్కొచ్చు. టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ జంటగా కనిపించేది ఇందుకే.

ఆ తేడా చూడాలంటే మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ మంచి ఉదాహరణ. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఈ కారులో 1.2 లీటర్ల మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ రెండు రకాలుగా దొరుకుతుంది. పెట్రోల్‌ను తలుపు బయట జల్లే రకం సుమారు 110 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. లోపల కొట్టే టీజీడీఐ రకం సుమారు 130 హార్స్‌పవర్, 230 న్యూటన్ మీటర్లు. సైజు అదే, టర్బో రెండింటికీ ఉంది.

ఇంకో మాట. టర్బో అని రాసి ఉన్న ప్రతి కారూ జీడీఐ కాదు. టాటా నెక్సాన్‌లోని 1.2 లీటర్ టర్బో పెట్రోల్ పాత పద్ధతిలోనే పెట్రోల్ తీసుకుంటుంది. అదే కంపెనీ కర్వ్‌లో ఇస్తున్న హైపీరియన్ ఇంజిన్ మాత్రం డైరెక్ట్ ఇంజెక్షన్. కాబట్టి షోరూమ్‌లో ‘టర్బోనా?’ అని కాదు, ‘డైరెక్ట్ ఇంజెక్షనా, ఎంపీఐనా?’ అని అడగాలి.

టర్బో లేని ఇంజిన్‌కీ దీనికీ పోలిక పెడితే తేడా ఇంకా గట్టిగా ఉంటుంది. సెల్టోస్‌లో 1.5 లీటర్ ఎంపీఐ ఇచ్చే టార్క్ 144 న్యూటన్ మీటర్లు. అది కూడా 4,500 ఆర్పీఎం దగ్గర. 1.5 లీటర్ టీ-జీడీఐ ఇచ్చేది 253, అదీ 1,500 ఆర్పీఎం నుంచే. అరకు వెళ్తూ ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే నలుగురు మనుషులు, నిండా లగేజీ ఉన్నప్పుడు ఈ అంకెల అర్థం కాళ్లకి తెలుస్తుంది. ఎంపీఐ అయితే ప్రతి మలుపులో గేర్ దించి ఇంజిన్‌ను అరిపించాలి. టీ-జీడీఐ అదే గేర్‌లో లాగేస్తుంది.

ఐడియా పాతదే.. ఇక్కడికి రావడమే లేట్

డైరెక్ట్ ఇంజెక్షన్ నిన్న మొన్నటిది కాదు. 1954లో వచ్చిన మెర్సిడెస్ 300ఎస్ఎల్‌లోనే ఉంది. కంప్యూటర్ కంట్రోల్‌తో పెద్దఎత్తున కార్లలోకి తెచ్చింది 1996లో మిత్సుబిషి. మన దగ్గర ఊపందుకున్నది మాత్రం బీఎస్-6 టైమ్‌లో. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆ రూల్స్ రావడంతో చిన్న డీజిల్ కార్లు చాలావరకు మాయమయ్యాయి. మారుతి అయితే డీజిల్‌కే గుడ్‌బై చెప్పింది. డీజిల్ లాగుడుకి అలవాటు పడినవాళ్లకి ఏదో ఒకటి ఇవ్వాలి కదా.. ఆ ఖాళీలోకి టర్బో జీడీఐ దూరింది.

పెట్రోల్ కూడా మారింది. అందులో గంధకం పరిమితి 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకి దిగింది. 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టిన మల్కాపురం రిఫైనరీ, అంటే ఇప్పటి హెచ్‌పీసీఎల్ విశాఖ రిఫైనరీ కూడా ఇదే లెక్కకి మారాల్సి వచ్చింది. గంధకం తగ్గితే సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ ఎక్కువ కాలం సరిగ్గా పనిచేస్తుంది.

గుమ్మం కడిగేవాళ్లు లేరు!

ఇప్పుడు అసలు సంగతి. కళ్లాపి జల్లితే గుమ్మం శుభ్రంగా ఉంటుంది. పాత ఇంజిన్లలో పెట్రోల్ వాల్వ్ వెనక భాగం మీద పడుతూ, అందులో ఉండే డిటర్జెంట్ రసాయనాలతో దాన్ని రోజూ కడిగేది. ఎవరూ పనిగట్టుకుని చేసింది కాదు, దానంతట అదే జరిగిపోయేది. జీడీఐలో పెట్రోల్ లోపలే పడుతుంది కాబట్టి వాల్వ్ వెనక భాగానికి ఆ స్నానం లేదు.

మురికి మాత్రం వస్తూనే ఉంటుంది. పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గ్యాస్ ఇంజిన్ కింది భాగంలోకి జారుతుంది. దాన్ని గాల్లోకి వదలకూడదు కాబట్టి పీసీవీ అనే వాల్వ్ ద్వారా మళ్లీ ఇన్‌టేక్ పైపులోకే పంపిస్తారు. దాంతోపాటు ఇంజిన్ ఆయిల్ ఆవిరి కూడా వెళ్తుంది. ఆ ఆయిల్ వేడి వాల్వ్ మీద పడి మాడి, పొర మీద పొరగా గట్టి కార్బన్‌గా పేరుకుంటుంది. అడుగంటిన గిన్నెను రోజూ తోమకుండా మళ్లీ మళ్లీ పొయ్యి మీద పెడితే ఎలా ఉంటుందో అలా.

విశాఖలో కారుకి ఏమొచ్చినా పోర్టు బొగ్గు దుమ్ము మీదకి తోసేయడం అలవాటు. ఈ విషయంలో మాత్రం పోర్టుది తప్పు లేదు. దుమ్మును ఎయిర్ ఫిల్టర్ ఆపుతుంది. పోర్టు ఏరియా, స్టీల్ ప్లాంట్ వైపు రోజూ తిరిగేవాళ్లు ఆ ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన దానికంటే ముందే మార్చుకుంటే మంచిదే. కానీ వాల్వ్ మీద పేరుకునే మసి ఇంజిన్ సొంత ఆయిల్ నుంచి వచ్చేదే.

పేరుకుంటే ఏమవుతుంది? గాలి వచ్చే దారి ఇరుకవుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు వణుకు, సిగ్నల్ దగ్గర ఆగితే ఐడిలింగ్ కుదురుగా లేకపోవడం, పికప్ మెల్లగా తగ్గిపోవడం, మైలేజీ పడిపోవడం, ముదిరితే మిస్‌ఫైర్‌తో చెక్ ఇంజిన్ లైట్ వెలగడం. ఇది రాత్రికి రాత్రి వచ్చేది కాదు. వేల కిలోమీటర్ల మీద నెమ్మదిగా వస్తుంది. అందుకే నడిపేవాళ్లకి చివరిదాకా తెలీదు. అన్ని జీడీఐ ఇంజిన్లకీ ఒకేలా రాదు కూడా. ఆయిల్ ఆవిరిని వడకట్టే ఏర్పాటు బాగున్న కొత్త ఇంజిన్లు చాలా దూరం ఇబ్బంది పెట్టకుండా నడుస్తాయి. టొయోటా 2005 నుంచే కొన్ని ఇంజిన్లలో లోపల ఒకటి, బయట ఒకటి చొప్పున సిలిండర్‌కి రెండు ఇంజెక్టర్లు పెట్టి ఈ గొడవకి మందు వేసింది. ఖర్చు ఎక్కువ కాబట్టి అందరూ ఆ దారి పట్టలేదు.

ఇక జేబుకి చిల్లు పడేది ఇక్కడే. పెట్రోల్ బంకుల్లో, సర్వీస్ కౌంటర్లలో ‘ఇంజిన్ క్లీనర్’ అని చిన్న సీసాలు అమ్ముతుంటారు. పెట్రోల్ ట్యాంకులో పోస్తే కార్బన్ మొత్తం కరిగిపోతుందని చెబుతారు. ఎంపీఐ కారుకి అందులో కొంత నిజం ఉంది. జీడీఐ కారులో ట్యాంకులో పోసిన ఏ మందూ ఇన్‌టేక్ వాల్వ్ వెనక భాగాన్ని తాకనే తాకదు. తాకని చోటును ఎలా కడుగుతుంది? ఇంజెక్టర్ మూతి శుభ్రపడటానికి మంచి క్లీనర్ పనికిరావచ్చు. వాల్వ్ కార్బన్‌కి మాత్రం అది పెట్టే డబ్బు దండగ.

నిజంగా పేరుకుంటే చేయాల్సింది వేరే. ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి, వాల్వ్ మూసి ఉన్నప్పుడు అక్రోట్ పెంకుల పొడిని గాలి ప్రెజర్‌తో దాని మీదకి కొడతారు. దీన్నే వాల్‌నట్ బ్లాస్టింగ్ అంటారు. పెంకు పొడి కార్బన్‌ను రాల్చేంత గట్టిగా, లోహాన్ని గీయనంత మెత్తగా ఉంటుంది. హెడ్ విప్పక్కర్లేదు. ‘కార్బన్ క్లీనింగ్ చేస్తాం’ అని షెడ్‌లో చెప్పగానే తల ఊపకుండా, మానిఫోల్డ్ విప్పుతారా, ముందూ వెనకా వాల్వ్ ఫొటో చూపిస్తారా అని అడగండి. సన్నని కెమెరాతో లోపల చూడటం పెద్ద పనేం కాదు. మసి లేకపోతే క్లీనింగ్ కూడా అక్కర్లేదు!

ఆయిల్ విషయంలో కక్కుర్తి వద్దు

జీడీఐ ఇంజిన్ ఆరోగ్యం సగం ఆయిల్ మీదే ఉంది. ఎంవీపీ కాలనీ నుంచి జగదాంబ దాకా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.. ఇంతే తిరిగే కారు ఉందనుకోండి. నాలుగైదు కిలోమీటర్లలో కూలెంట్ వేడెక్కుతుంది గానీ ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లోపల కొట్టిన పెట్రోల్‌లో కొంత సిలిండర్ గోడకి తగిలి, జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది. 2018లో చైనాలో హోండా సీఆర్-వీ టర్బో కార్లు ఇదే సమస్యతో వార్తల్లోకెక్కి రీకాల్ దాకా వెళ్లాయి. అక్కడి చలి మనకి లేదు కాబట్టి అంత భయపడక్కర్లేదు. అయినా నెలకోసారి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ లెవెల్ పెరిగితే మాత్రం అనుమానించాలి. పెట్రోల్ వాసన కొడితే ఆయిల్ మార్చేయాల్సిందే. వారానికి ఒకసారైనా భీమిలి బీచ్ రోడ్డు మీద అరగంట ఆగకుండా నడిపితే ఆయిల్ వేడెక్కి, అందులో చేరిన పెట్రోల్ చాలావరకు ఆవిరైపోతుంది. కారుకే కాదు, మనిషికీ హాయి.

రెండోది ఎల్ఎస్‌పీఐ. పేరు భయంకరంగా ఉన్నా విషయం చిన్నదే. టర్బో జీడీఐ తక్కువ ఆర్పీఎంలో ఎక్కువ బరువు లాగేటప్పుడు, స్పార్క్ రాకముందే ఒక ఆయిల్ చుక్క అంటుకుని మొత్తం పేలుతుంది. గట్టిగా జరిగితే పిస్టన్ పగలొచ్చు. దీన్ని తట్టుకునేలా తయారైన ఆయిల్‌కి 2020 మేలో ఏపీఐ ఎస్‌పీ అనే గ్రేడ్ వచ్చింది. డబ్బా మీద ఆ రెండక్షరాలు, ‘ఎస్‌పీ’, ఉన్నాయో లేదో చూసుకోండి. మీ కారు మాన్యువల్‌లో ఏ గ్రేడ్ రాస్తే అదే వేయించండి. డబ్బా ఆయిల్ బదులు లూజ్ ఆయిల్ అసలొద్దు. నడిపేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే.. సింహాచలం కొండ ఎక్కుతూ టాప్ గేర్‌లో, 1,200 ఆర్పీఎంలో యాక్సిలరేటర్ అదిమి పట్టకండి. గేర్ దించండి.

ఈ20 పెట్రోల్ సంగతి? ఇథనాల్‌కి నాకింగ్‌ను తట్టుకునే గుణం ఎక్కువ, ఆవిరి అవుతూ ఇంకా బాగా చల్లబరుస్తుంది. అంటే జీడీఐ సూత్రానికి అది శత్రువు కాదు. అందులో శక్తి తక్కువ కాబట్టి మైలేజీ మాత్రం కాస్త పడుతుంది. ఈ20కి ట్యూన్ చేసిన కార్లలో ఈ తగ్గుదల 1 నుంచి 2 శాతం, మిగతా వాటిలో 3 నుంచి 6 శాతం అని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. పాత బండి అయితే రబ్బర్ పైపులు, సీల్స్ ఈ20కి తగ్గవో కాదో కంపెనీ దగ్గర కనుక్కోవాలి. అధిక ప్రెజర్ పంప్ రిపేరుకి వస్తే ఎంపీఐ పంపులా చవగ్గా పోదు.

కంటికి కనిపించని పొగ

పెట్రోల్ కారుకి పొగ ఏముంటుంది అనుకుంటాం. సిలిండర్‌లో ఆవిరి కాకుండా మిగిలిన బొట్లు, పిస్టన్ తల మీద తడిగా అంటుకున్న పెట్రోల్ సరిగ్గా మండక మసి కణాలుగా మారతాయి. అవి కంటికి కనిపించనంత సన్నం. ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లేంత సన్నం. అందుకే బీఎస్-6లో డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లకి కణాల సంఖ్య మీద కూడా పరిమితి పెట్టారు. మొదటి మూడేళ్లు కిలోమీటర్‌కి 6 లక్షల కోట్ల కణాల దాకా అనుమతి ఇచ్చారు. 2023 ఏప్రిల్ నుంచి అది 60 వేల కోట్లకి దిగింది. పదో వంతు అన్నమాట. అంటే 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన జీడీఐ కారుకీ, తర్వాతి దానికీ ఈ విషయంలో రూల్ ఒకటి కాదు.

విశాఖకి ఇది చిన్న విషయం కాదు. ఒకపక్క కైలాసగిరి, సింహాచలం కొండలు, ఇంకోపక్క యారాడ కొండ, మధ్యలో గిన్నెలాంటి ఊరు. పోర్టు, స్టీల్ ప్లాంట్, రిఫైనరీ అన్నీ ఆ చుట్టుపక్కలే. గాలి బాగుపడాల్సిన నగరాల జాబితాలో, కేంద్రం 2019లో మొదలుపెట్టిన నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్‌లో, విశాఖ పేరుంది. ఇంత ఉండీ, బంకు పక్కన చేయించే పొల్యూషన్ టెస్ట్ ఈ కణాలను లెక్కే పెట్టదు. పెట్రోల్ కారుకి అక్కడ చూసేది ఆగి ఉన్నప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. కాబట్టి సర్టిఫికెట్ పాస్ అయినంత మాత్రాన సైలెన్సర్ నుంచి మసి రావట్లేదని కాదు. సైలెన్సర్ మూతి లోపల వేలు పెట్టి చూస్తే నల్లగా అంటుకునేది అదే.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటున్నారా?

ఇప్పుడు 2019, 2020 నాటి టర్బో జీడీఐ కార్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి బాగానే వస్తున్నాయి. ఎంపీఐ కారు చూసినట్టు వీటిని చూడకూడదు. ముందు సర్వీస్ రికార్డు అడగండి. కిలోమీటర్ల కంటే, ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారు, ఏ గ్రేడ్ వేశారు అన్నది ముఖ్యం. 60 వేలు తిరిగినా వేళకి ఆయిల్ మార్చిన హైవే బండి, 25 వేలే తిరిగి రెండేళ్లు అదే ఆయిల్‌తో ఊళ్లో తిరిగిన బండి కంటే నయం. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే, అంటే పొద్దున్నే వెళ్లి, మీరే స్టార్ట్ చేయండి. ఓనర్ ‘ఇందాకే బయటికి తీశానండి’ అంటే ఇంకో రోజు రండి. మొదటి నిమిషంలో వణుకు ఉందా చూడండి. డిప్‌స్టిక్ వాసన చూడండి. స్కానర్ పెట్టించి పాత మిస్‌ఫైర్ కోడ్‌లు ఏమైనా ఉన్నాయేమో చూడమని మెకానిక్‌ని అడగండి. చెరిపేసిన కోడ్‌లు మళ్లీ రావడానికి కాస్త తిరగాలి కాబట్టి టెస్ట్ డ్రైవ్ షోరూమ్ చుట్టూ ఒక రౌండ్‌తో సరిపెట్టకుండా, ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కి కనీసం ఆనందపురం దాకా తీసుకెళ్లండి.